గోరంత మంట

జిలీబ్‌లో బకాలా పైన మూడో అంతస్తు మాది.
శుక్రవారం. పని లేదు, ఎండ ఉంది.
అల్ రాయ్ సంతలో అర దీనారుకు తెచ్చిన
పాత డబ్బా టీవీని బోర్లా పడుకోబెట్టి
కడుపు విప్పినా.
దుమ్ము. ఒక ఎండిపోయిన బల్లి.
ఈ దేశం ఇసుక గాజు వెనక్కి గూడా దూరుతుంది.

బుడ్డి లోపల ఇంకా దాక్కోనుండే కరెంటును
స్క్రూడ్రైవరు మొనతో దించినా.
ఠప్!
మస్తాన్‌వలి పై మంచం మీదనించి
"ఒరే, అద్దె కట్టేది నేను గూడా" అన్యాడు.

నాకు కావల్సింది నల్లటి ఫ్లైబ్యాక్ ఒకటే.
దాని కాలికి పది చుట్లు రాగి తీగ.
రాజంపేటలో మోటార్లు రీవైండింగు చేసే కొట్లో
నేను నేర్చుకున్నది ఇంతే:
చుట్టు చుట్టుకూ నోట్లో అంకె ఉండాల,
మాట ఉండగూడదు.

ఐసీ ఒకటి. మాస్‌ఫెట్ ఒకటి,
అది వేడెక్కకుండా
పాడుబడిన ఏసీ నించి కోసిన అల్యూమినియం రెక్కలు.
ఎదురెదురుగా రెండు తీగ మొనలు.
మధ్యన గోరంత సందు.

స్విచ్చి వేస్తే
వంకాయ పువ్వు రంగు మంట.
సన్నటి బుస.
"దూరం, దూరం! ముట్టుకుంటే పెట్టెలో పోతావు ఊరికి"
అని అందరినీ గోడ దాకా జరిపినా.

ఫోను తీగ కలిపినా.
మంట పాడింది.
అట్ట లేదు, అయస్కాంతం లేదు,
వట్టి గాలే వణికి పాటయింది.
డప్పు మాత్రం పలకలేదు దీనికి,
సన్నాయి ఒకటే వచ్చు.
పాటలో బరువంతా ఎక్కడో జారిపోయి
ఈల లాంటిది మిగిలింది.
అయినా మస్తాన్‌వలి మంచం దిగినాడు.

ఓబులేసు ముందర్నే కూచోనున్నాడు.
ఏడేండ్లు బ్రేకరుతో కాంక్రీటు పగలగొట్టిన చేతులు,
టీ గ్లాసు పట్టుకున్నా అదురుతానే ఉంటాయి.
"వెయ్యి మరి" అన్యాడు.
"వేసినా గదన్నా."
"ఏదీ?"

ఎవురూ మాట్లాడలా.
మంట మాత్రం పాడతానే ఉంది.

తర్వాత తన ఫోను నా చేతిలో పెట్టినాడు.
ఈశ్వరమ్మ పంపిన మెసేజి, పోయిన మంగళవారంది.
"ఇది వెయ్యి. వినను. చూస్తా."

బోరు మోటారు కాలిపోయింది.
మూడువేల ఐదునూర్లు అడుగుతాండాడు.
చీనీ చెట్లు వాడుతాండాయి.
ఏడాది నించి ఏమడిగినా ఆఁ ఆఁ అంటావు,
ఒక్కదానికన్నా జవాబు చెప్పినావా?

గొంతు పైకి పోయినప్పుడల్లా
మంట సన్నగా లేచి, విరిగి, మళ్లీ అతుక్కుంది.
ఓబులేసు కండ్లార్పలా.
"తిడతాంది కదా?"
"నీకెట్ల తెలిసె?"
"తిట్టేటప్పుడు ఆమె ముక్కుపుడక
అచ్చం ఇట్లే అదురుతుంది."

నవ్వినాము. నవ్వగూడదని తెలిసీ నవ్వినాము.
గదిలో పిడుగు వాసన నిండింది,
వాన మాత్రం లేదు.
ఆ గాలి మంచిది కాదని కిటికీ తెరిచినా.
అదే నిమిషాన మాస్‌ఫెట్ చిటుక్కుమనింది.
పొగ.
మంట పోయింది, మాట సగంలోనే ఆగింది.

మిగిలిన సగం నేను విని
టైల్సు అట్టపెట్టె చింపి, దాని మీద రాసిచ్చినా:
మోటారు. మూడున్నర వేలు. చీనీ చెట్లు.
జవాబు చెప్పు.

వాడు వరండాలోకి పోయి ఫోను చేసినాడు.
ఆఁ అనలా.
అట్టముక్క చూసుకుంటా ఒక్కో మాటా చదివి జవాబు చెప్పి,
చివర, గొంతు తగ్గించి,
"నాకు చెవులు సరిగా వినపడవు ఈశ్వరీ" అన్యాడు.
అవతల ఆమె ఏమన్నదో
వానికీ వినపడలా, మాకూ వినపడలా.

వచ్చే శుక్రవారం కొత్త మాస్‌ఫెట్‌కు
ముప్పావు దీనారు వాడే ఇచ్చినాడు.
రెండు తెమ్మన్యాడు.